జట్టుకు ఇంకొకరు

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో నా ఎదుట కూర్చున్న అమ్మాయికి నా వయసే ఉంటుంది. తాళ్ళు లాగి అరచేతులు కాయలు కాచాయి. గని కార్మికుడి కూతురట. తెరచాప పడవల పందేలకు దేశం తరఫున కొత్తగా కడుతున్న ఆడవాళ్ళ జట్టులో చేరిందట. నేను సముద్రమే చూడలేదు. ఆమె చెబుతుంటే ఓర్వలేక కిటికీ వైపు తిరిగాను.

"ఇంగా ఒకరు తక్కువుండారమ్మా. నీకు ఈత వస్తాదా?" అని అడిగింది.

"మా బాయిలో నేర్చుకున్న్యాను."

"చాలు. నాతో బెంగళూరికి రా, ఆడ చెరువులో పడవలు నేర్పే మా కోచ్‌కి చూపిస్తాను."

"టేకల్‌ స్టేషన్లో మా నాయన కాసుకోని ఉంటాడు" అని చెప్పి, టేకల్ రాగానే దిగిపోయాను.

కొన్ని నెలలకు పేపర్లో ఆ జట్టు ఫొటో పడింది. ఆమె పక్కన, కొత్తగా చేరిన అమ్మాయి తాడు పట్టుకుని నవ్వుతోంది. నాన్న పేపరు అడిగేదాకా కుళ్ళుకుంటూ ఆ ముఖాన్నే చూశాను.