రేపల్లె నుంచి బాపట్లకు, తెనాలి మీదుగా

జకరయ్యకు రైలంటే చిన్నచూపు. ఉండదూ మరి? ముప్పై ఏళ్ళు రేపల్లె బస్సుల్లో టికెట్లు కొట్టిన కండక్టరు ఆయన. చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళే రోడ్డులో ఏ మలుపు దగ్గర ఏ ముసలమ్మ చెయ్యెత్తుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అదే రైల్లో బాపట్ల వెళ్ళాలంటే ముందు తెనాలి పోవాలి, అక్కడ దిగి ఇంకో రైలు పట్టుకోవాలి. పక్కింటికి ఊరంతా తిరిగి వెళ్ళే జనం అని రైలు వాళ్ళను ఎగతాళి చేయడం ఆయనకు సరదా.

అలాంటి మనిషి రిటైరయ్యాక రోజూ పొద్దున్నే తెనాలి రైలెక్కుతున్నాడంటే అందుకు కారణం కూతురు జెస్సీ. తెనాలిలో మోహనకృష్ణ గారి కంప్యూటర్ సెంటర్లో ఆమె నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఫోన్లో కూడా పిల్లలకు రూట్లని, దారులని ఏదో ఒకటి వివరిస్తూనే ఉంటుంది. "రూట్ల సంగతి నాకు తెలియాలి గానీ నీకేం తెలుసే" అని ఆటపట్టించేవాడు జకరయ్య. "అయితే వచ్చి క్లాసులో కూర్చో నాన్నా" అంది ఆమె ఒకరోజు విసుగ్గా. ఆయన నిజంగానే వెళ్ళి కూర్చున్నాడు.

జెస్సీ ఒకే ఒక్క షరతు పెట్టింది. "క్లాసులో నేను మేడం, నువ్వు స్టూడెంటువి. నాన్న, కూతురు అన్నవి గుమ్మం బయటే." ఆయన నవ్వి సరేనన్నాడు. అది ఎంత గట్టి షరతో తర్వాత గాని తెలిసిరాలేదు.

ఇంతలో మోహనకృష్ణ బాపట్లలో ఇంకో సెంటరు తెరుస్తున్నాడు. అక్కడి ల్యాబు చూసుకుంటూ కొత్త పిల్లలకు సాయంగా ఉండటానికి నిదానమైన మనిషి కావాలి. "జకరయ్య గారు పరీక్ష పాసైతే ఆ పని ఆయనకే ఇద్దామండి. అయినా పాస్ చేసేది ఇంట్లో వాళ్ళేగా, భయమేముంది" అన్నాడు జెస్సీతో నవ్వుతూ. జెస్సీ మొహం ఎర్రబడింది. ఆ నవ్వు జకరయ్యకు ముల్లులా గుచ్చుకుంది. పని మీద ఆశ ఉన్నమాట నిజమే. ఆ నవ్వు విన్నాక మాత్రం కూతురి పేరు కోసమైనా సొంత తెలివితో పాసవ్వాలనుకున్నాడు.

పరీక్షంటే రాతపరీక్ష కాదు. కంప్యూటర్ తెరమీద ఊరికొకటి చొప్పున, కబుర్లకు దారి చూపే ఉత్తుత్తి రూటర్లు పెట్టి, వాటికి తీగలు కలిపి, ఊళ్ళ మధ్య దారులు వేయాలి. ఓఎస్‌పీఎఫ్ అన్న పద్ధతిలో రూటర్లు తమకు తెలిసిన దారులను ఒకదానికొకటి చెప్పుకుంటాయి. నెట్‌వర్కును ఏరియాలుగా విడగొట్టి, నడిమి దానికి సున్నా ఏరియా అని పేరు పెడతారు. తెనాలిని సున్నా ఏరియాగా పెట్టుకుని బాపట్లకో ఏరియా, రేపల్లెకో ఏరియా వేసి, మూడు ఊళ్ళ కంప్యూటర్లూ మాట్లాడుకునేలా చేయమంది జెస్సీ.

జకరయ్యకు పండగలా అనిపించింది. తెనాలికీ బాపట్లకూ తీగ కలిపాడు. బాపట్ల నుంచి రేపల్లెకు ఇంకో తీగ లాగాడు. అది అచ్చంగా తన చెరుకుపల్లి రోడ్డు. ఏ ఏరియా అయినా సున్నా ఏరియాను తాకాలని మేడం చెప్పింది గుర్తుంది. బాపట్ల తెనాలిని తాకింది, రేపల్లె బాపట్లను తాకింది, ఇంకేం కావాలి అనుకున్నాడు.

తీరా చూస్తే రేపల్లె రూటర్లో తెనాలి దారి ఉంది, బాపట్ల దారి ఉంది. తెనాలి రూటర్లో మాత్రం రేపల్లె ఊసే లేదు. పక్కనే తీగ ఉన్న బాపట్లలోనూ లేదు. రేపల్లె కంప్యూటర్ నుంచి పంపిన పలకరింపు తెనాలి దాకా చేరుతోంది, జవాబుకు తిరిగి వచ్చే దారి లేదు. రేపల్లెకు అందరూ తెలుసు, రేపల్లె ఎవరికీ తెలియదు. సొంత ఊరికి ఇంత అవమానమా అని జకరయ్య ఉడుక్కున్నాడు.

పక్క కుర్చీలోని కుర్ర స్టూడెంటు భరద్వాజ మెల్లగా వంగాడు. "బాబాయ్ గారూ, ఆ రెండు రూటర్లలో రేపల్లె దారి చేత్తో రాసేయండి. అన్నీ మాట్లాడేసుకుంటాయి."

"నేర్చుకోమన్న పద్ధతి అది కాదు కదయ్యా" అన్నాడు జకరయ్య. "టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళని దారిలో దింపేసినవాణ్ణి. ఇప్పుడు నన్నే అలా ఎక్కమంటావా?"

జెస్సీ వచ్చి తెర చూసింది. "రేపల్లె దారి ఎక్కడికీ చేరలేదండి, జకరయ్య గారూ. ఫెయిల్. వచ్చే వారం మళ్ళీ చేయండి, అందరికీ ఇచ్చినట్టే మీకూ ఇంకో అవకాశం" అని తర్వాతి కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. అంతమంది పిల్లల మధ్య ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు ఇసుమంత కూడా వణకలేదని గమనించాడు. నా కూతురు అనుకున్నాడు, కోపంలో కూడా.

ఆ వారమంతా రైల్లో మూతి ముడుచుకునే కూర్చున్నాడు. ఒకసారి ఉండబట్టలేక "చిన్న సూచనైనా ఇవ్వవే" అన్నాడు. "క్లాసు సంగతులు క్లాసులోనే నాన్నా" అని ఇడ్లీ డబ్బా మూత తీసి చేతికిచ్చింది.

రెండోసారి పరీక్ష రోజు పొద్దున రేపల్లెలో ఒకామె సంచులతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. ఊరికే ఉండలేక ఎక్కడికని అడిగాడు. బాపట్లట.

"బాపట్లకి ఇటెందుకమ్మా, చెరుకుపల్లి బస్సెక్కాల్సింది."

"తెనాల్లో మారతాను బాబాయ్. అది జంక్షన్ కదా, ఎటు పోయే రైలైనా అక్కడ దొరుకుద్ది."

జకరయ్యకు ఇంకో ఎగతాళి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తెరమీద తను గీసిన బొమ్మలో రేపల్లె తీగ జంక్షన్‌కు వెళ్ళనే లేదు. బాపట్ల తాకితే రేపల్లె కూడా తాకినట్టే అనుకోవడమే తప్పు. కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వు బయటపడకుండా పెదవులు బిగించి కిటికీలోంచి పొలాలు చూస్తోంది.

ఆ రోజు మోహనకృష్ణ పనిగట్టుకుని జకరయ్య వెనకే నిలబడ్డాడు. జకరయ్య రేపల్లె నుంచి తిన్నగా తెనాలికి కొత్త తీగ లాగి, దాన్ని సున్నా ఏరియాలో చేర్చాడు. చెరుకుపల్లి తీగ తీసేయడానికి మనసొప్పక ఉంచేశాడు. కాసేపటికి తెనాలి రూటర్లో రేపల్లె పేరు వచ్చింది, బాపట్లలోనూ వచ్చింది. మూడు ఊళ్ళూ మాట్లాడుకున్నాయి. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

అయితే బాపట్ల నుంచి రేపల్లెకు వచ్చే కబురు ఏ దారిన వస్తోందో చూసి నొసలు చిట్లించాడు. "పక్కనే తీగ పెట్టుకుని తెనాలి తిరిగొస్తుందేంటండీ మేడం?"

"ఒక ఏరియా నుంచి ఇంకో ఏరియాకి నడిమి ఏరియా మీదుగానే వెళ్ళాలండి" అంది జెస్సీ. "ఎవరికి వాళ్ళు అడ్డదారులు చెప్పుకుంటే కబురు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది." తర్వాత అదే గొంతుతో అంది. "జకరయ్య గారు, పాస్."

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "బాపట్ల పని జకరయ్య గారిదే. ఇంట్లో వాళ్ళే పాస్ చేస్తారని మొన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండి, మేడం." జెస్సీ తల ఊపి తర్వాతి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. జకరయ్యకు తన పాసు కన్నా ఆ మాటే తియ్యగా తగిలింది.

సాయంత్రం రైల్లో ఆమె మళ్ళీ కూతురైపోయి తండ్రి భుజానికి తల ఆనించింది. "ఇంక నీకు చెరుకుపల్లి బస్సే కదా నాన్నా. రైల్లో నేనొక్కదాన్నే."

రేపల్లెలో దిగి జకరయ్య తిన్నగా టికెట్ల కౌంటరు దగ్గరికి నడిచాడు. బాపట్లకు, తెనాలి మీదుగా, నెల సీజను టికెట్ కావాలన్నాడు. లోపలున్న గుమాస్తా ఆయన ఎగతాళిని ఏళ్ళ తరబడి భరించినవాడే.

"అదేంటి బాబాయ్, అంత చుట్టు? మీ బస్సుందిగా?"

"ఉందయ్యా" అన్నాడు జకరయ్య, వెనక నిలబడ్డ జెస్సీకి వినపడేలా. "కానీ తెనాలి దాకా మా మేడం వస్తుంది."