సొంత దారం

మా వదిన రఫ్ఫు చేసిన కోటులో చిరుగెక్కడుండేదో తొడుక్కున్నవాడే వెతుక్కోవాలి. ఆడపడుచుని నేనే పొగుడుతున్నానంటే నమ్మొచ్చు. కొత్త దారం ముట్టుకునేది కాదు. ఆ బట్ట మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే పూడ్చేది. ముందు మాత్రం పనికిరాని పీలిక మీద ఓ కుట్టు వేసి చూసుకునేది.

అలాంటి మనిషికి కంటి వెనక రెటీనా అరగడం మొదలైంది. ఏది చూడబోతే అదే, సరిగ్గా నడిమధ్యన మసకైపోయేది. తల పక్కకి తిప్పి, ఓరగా చూస్తూ సూదిలో దారం ఎక్కించుకునేది. మందు లేదన్నారు పెద్దాసుపత్రిలో.

అప్పుడు దిగాడు వదిన తమ్ముడు. ఓ ప్రైవేటు కంటి క్లినిక్‌లో కాంపౌండరు. "అక్కా, నీ నల్లగుడ్డు అంచులోంచే మూలకణాలు తీసి, పెంచి, వెనక పొరలోకి ఎక్కిస్తారు. అచ్చం నీ రఫ్ఫే!" అన్నాడు. డాక్టరు చెప్పుంటే సవాలక్ష అడిగేది. తన పనే తన ముందు పెట్టేసరికి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వాడి నోట్లో మన్నుపడ, ఎక్కడ కొట్టాలో తెలిసే కొట్టాడు!

కుడికన్నుకి చేశారు. నెల తిరక్కుండా ఆ కంటికి ఓరచూపు కూడా పోయి, ఎదురుగా దీపం పెట్టినా తెలియకుండా అయింది. "కణాలు కుదురుకోవాలిగా అక్కా" అంటూ వాడు ఎడమకంటికి తీసుకెళ్లడానికొచ్చాడు. వదిన చెప్పులు కూడా వేసుకుంది.

నేను మంచినీళ్లిచ్చాను. వాడు తల పక్కకి తిప్పి, ఓరగా చూసి గ్లాసందుకున్నాడు.

"ఏమయ్యా, మీ అక్క చూపే వచ్చిందే నీకూ!" అన్నాను, ఏదో వెక్కిరిద్దామని. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

వదిన గుమ్మంలో ఆగిపోయింది. "నీకూ వచ్చిందా? ఎప్పట్నుంచిరా?"

"నీకు చేయించకముందు నుంచే, అక్కా."

"మరి నువ్వెందుకు చేయించుకోలేదు?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అదింకా ప్రయోగాల్లోనే ఉందట. మా డాక్టరు కూడా ఇంతకుముందు ఎవరికీ చెయ్యలేదు. నీకు నయమైతే నేనూ..."

నాకు ఒళ్లు మండిపోయి చీపురు కోసం చూశాను. వదిన మాత్రం అరవలేదు. చెప్పులు విప్పేసింది.

"ఎత్తుకుని పెంచానురా నిన్ను. నేను నీకు పీలికనట్రా?"

ఇప్పుడు రఫ్ఫు మానేసి, మిగిలిన ఎడమకంటి ఓరచూపుతో గుండీలు కుడుతోంది. వాడు అప్పుడప్పుడూ వచ్చి "అక్కా" అని పిలుస్తాడు. గొంతు గుర్తుపట్టి కూడా, తలెత్తకుండా "ఎవరండీ?" అంటుంది.