శకుంతలమ్మ షెడ్డులో మూత పెట్టిన మిషను

తిరుచానూరులో శకుంతలమ్మకు అనుమానం రానిది ఏదైనా ఉందా అంటే, లేదు. పాలలో నీళ్లు, పప్పులో రాళ్లు, పలకరింపులో అవసరం, అన్నీ ఆమె కంటికి ముందే కనిపిస్తాయి. అలాగని ఆమెను తప్పుపట్టడానికీ లేదు. మొగుడు పోయాక మిగిలింది ఆ ఇల్లొక్కటే. దాని పేరు చెడితే గదులడిగే యాత్రికులు గుమ్మం ఎక్కరు, ఆమె పొయ్యి వెలగదు.

అలాంటి మనిషి పెరట్లోని రేకుల షెడ్డును కార్వేటినగరం నుంచి వచ్చిన గిరిప్రసాద్‌కు అద్దెకిచ్చింది. తానే సొంతంగా బిగించుకున్న సీఎన్‌సీ మిషను మీద అతను తలుపులకు నగిషీలు చెక్కుతాడు. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు, ఉలి పట్టే చెయ్యి లేకుండా మిషనే చెక్కేస్తుంది. ఆమె మొదటి అనుమానం అదే.

ఆ మోతకు యాత్రికులు లేచి కూర్చుంటున్నారని తిట్టింది. అతను మిషను చుట్టూ ప్లైవుడ్‌తో పెద్ద పెట్టె కట్టి, లోపల పాత పరుపుల స్పాంజి అంటించాడు. పొట్టు ఎగిరొచ్చి వడియాల మీద పడుతోందని మళ్లీ తిట్టింది. పెట్టె తలుపు అంచులకు రబ్బరు పట్టీలు వేసి, దుమ్మును గొట్టంతో గుడ్డసంచిలోకి లాగే ఫ్యాను పెట్టాడు. ఇక మోతా లేదు, పొట్టూ లేదు. శకుంతలమ్మకు నిద్రా లేదు. మంచి పనికి ఇంత మూత ఎందుకట?

ఒకనాడు అతను భోజనానికి పోయినప్పుడు సంచి విప్పి చూసింది. పొట్టు ఎర్రగా ఉంది. శేషాచలం అడవిని కళ్లెదురుగా పెట్టుకుని, ఎర్రటి పొట్టును చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఎర్రచందనమే! పోలీసులొస్తే ఇంటికి తాళం, తనకు సంకెళ్లు. ఎదురింటి మునిలక్ష్మికి చెప్పి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. గుడి దగ్గర పూలమ్ముకునే ఆ మహాతల్లి ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, మూర మూరకూ ఆ మాటే కొలిచి ఇచ్చింది.

గిరిప్రసాద్ రాగానే శకుంతలమ్మ అడిగేసింది. వేప చెక్కమ్మా, అన్నాడతను. ఆమె నమ్మలేదు. చిటికెడు పొట్టు ఆమె అరచేతిలో పోశాడు.

"నోట్లో ఏసుకోని సూడండి."

నాలుక మీద పెట్టుకుంది. చేదు. రోజూ పళ్లు తోముకునే పుల్ల చేదే. వేప చేవ ఎర్రగా ఉంటుందని ఆమెకు తెలియనిదా? భయంలో తోచలేదంతే. సిగ్గుతో చచ్చిపోయింది.

అతను పెట్టె ముందువైపు ప్లైవుడ్ కోసేసి, అద్దం లాంటి ప్లాస్టిక్ రేకు బిగించి, లోపల బల్బు వెలిగించాడు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఎవరూ రాలేదు. తలుపులు చేయించుకుంటామన్న వాళ్లు సైతం అటువైపు రావడం మానేశారు. నెల తిరక్కుండా మిషను ఊడదీసి మినీ లారీకి ఎక్కించాడు. ఉండు నాయనా అని ఆమె బతిమాలింది.

"పెట్టెకు అద్దం పెట్టినానమ్మా. మీ వీధి కండ్లకు ఏం పెట్టేది?" అని వెళ్లిపోయాడు.

దొరికిపోయేలోపల పారిపోయాడని వీధి తీర్మానించింది. శకుంతలమ్మ గడప గడపకూ తిరిగి, అది వేప పొట్టేనని, తానే నోట్లో వేసుకుని చూశానని చెప్పింది. అందరూ తల ఊపారు. మునిలక్ష్మి మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పక్కా. నీకు మొదట్నించీ తెలుసు కదా?"