బంగారి మేత మానేసిన వారం

2015లో నేను మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో ఒక పెట్ షాపులో పనిచేసేవాణ్ణి. చిలకలు, పిల్లులు, చేపలు అందరూ అడిగేవే. నా ప్రాణం మాత్రం లెపర్డ్ గెకోల మీద ఉండేది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలుండే పెంపుడు బల్లులివి. గోడలెక్కవు, అరచేతిలో బుద్ధిగా కూర్చుంటాయి.

వాటిలో ఒక ఆడదాన్ని పిల్లప్పటి నుంచీ నేనే పెంచి, బంగారి అని పేరు పెట్టుకున్నాను. జత కలిపి ఎంత అవస్థపడ్డా దాని గుడ్డు ఒక్కటీ పిల్ల కాలేదు. చివరికి ముదీర్, అంటే మా మేనేజరు, దాన్నీ జతగాణ్ణీ కలిపి కరుణ సిస్టర్‌కి అమ్మేశాడు. ఆవిడది తెనాలి. మస్కట్‌లోనే ఘుబ్రాలో కాపురం, ఆస్పత్రిలో నర్సు.

ఆవిడ నా బంగారికి రూతు అని పేరు మార్చింది. అంతవరకూ ఓర్చుకున్నాను. కొన్ని నెలలకి ఫోన్లో ఫోటోలు తెచ్చి చూపించింది. ఐస్‌క్రీం డబ్బాలో తడి వెర్మిక్యులైట్ పోసి, అంటే నీటిని పట్టి ఉంచే ఒక రకం ఖనిజపు పొట్టు, అందులో గుడ్లు పెట్టి ఇంట్లోనే పిల్లల్ని తీసింది. ఇక్కడ నాకు ఇంక్యుబేటరే ఉంది!

"అంతా దేవుని కృప తమ్ముడూ" అంది.

కడుపు మండిపోయింది. "బాగుందక్కా" అన్నాను.

మరుసటి వేసవిలో ఆవిడే బంగారిని డబ్బాలో పెట్టుకుని కంగారుగా వచ్చింది. గుడ్లు పెట్టాక మేత ముట్టడం లేదట. గెకోకి కొవ్వంతా తోకలోనే నిల్వ ఉంటుంది. లావుగా ఉండాల్సిన ఆ తోక పుల్లలా అయిపోయింది. ఒంట్లోని కాల్షియం గుడ్లకే పోయింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే బతకదు.

"మీ బావగారు పని చూసుకోడానికి సోహార్ వెళ్లారు తమ్ముడూ. నేను డ్యూటీ నుంచి వచ్చి పెడుతుంటే మొహం తిప్పేసుకుంటోంది."

ఆవిడ భర్త సుందర్రావు గారు ఉద్యోగం పోయి కొన్నాళ్లుగా ఇంట్లోనే ఉంటున్నారు. ఎప్పుడొచ్చినా "ఆ బల్లుల కొట్లోకి నేను రాను" అని కారులోనే కూర్చునేవారు.

"ఇక్కడ వదిలి వెళ్లండక్కా, నా చేత్తో తింటుంది" అన్నాను. లోపల ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు.

డబ్బాలో దానికి కావలసినంత వేడి ఉండేలా సరిచేశాను. పురుగులకి కాల్షియం పొడి అద్ది పట్టకారుతో అందించాను. చిన్నప్పుడు అలాగే తినేది. ఇప్పుడు నా మొహమైనా చూడలేదు. అక్కడ వారపు సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. అది అయ్యాక సిస్టర్ వచ్చి తనూ పెట్టి చూసింది. ఆవిడ చేతిలోనూ ముట్టలేదు. దిగులు పడాల్సింది పోయి, నాకు కాస్త హాయిగా అనిపించింది.

"ఇంకా ఎంతసేపు?" అంటూ సుందర్రావు గారు అద్దాల తలుపు తోసుకుని వచ్చారు. సోహార్ నుంచి ఆ ఉదయమే తిరిగొచ్చారు, పని దొరకలేదు. డబ్బాలోకి ఒక చూపు చూసి, "అట్టా పైనించి ఊపితే తింటదా?" అన్నారు. పురుగుని అరచేతిలో పెట్టుకుని, చెయ్యి డబ్బా అడుగున ఆనించి, రెండో చేతి గోటితో డబ్బా మీద టకటకలాడించారు.

"ఏమే పిల్లా, కోపమొచ్చిందా? వచ్చేశాగా. రా."

బంగారి తలెత్తింది. నెమ్మదిగా ఆ అరచేతిలోకి ఎక్కి పురుగుని అందుకుంది.

నేను నోరెళ్లబెట్టాను. సిస్టర్ మొహం మాత్రం ఎర్రబడింది. "పగలంతా దీంతోనా మీ కబుర్లు? నేనొస్తే టీవీ పెట్టుకుని నోరు మెదపరుగా!"

"అలిసిపోయి వస్తావు. పని దొరకలేదని రోజూ నీకేం చెప్పను? దానికి చెప్పుకుంటే బాధపడదు."

"నన్ను పిల్లా అని పిలిచి ఎన్నేళ్లయిందండీ?" అంది. కళ్లనిండా నీళ్లు.

ఆయన బంగారికి ఇంకో పురుగు తినిపించి డబ్బా మూత పెట్టారు. "ఇంటికెళ్దాం పద, పిల్లా."

"ఎవర్నంటున్నారు?" అని సిస్టర్ నిలదీసింది.

"నిన్నే."

బంగారి కోలుకుంది. ఆ తర్వాత పురుగుల కోసం ఆయనే కారు దిగి లోపలికి వచ్చేవారు. వెనకాలే సిస్టరూ వచ్చేది, ఆయన్నొక్కర్నే పంపేది కాదు. జంతువు మేత మానేసిందని ఎవరొచ్చినా వేడి సంగతీ కాల్షియం సంగతీ నేను తర్వాత అడుగుతాను. ముందు, పగలు ఇంట్లో దానితో ఎవరుంటారని అడుగుతాను. అయినా, పిల్లప్పటి నుంచీ మేపిన నావైపు అది కన్నెత్తి చూడలేదన్న కుళ్లు మాత్రం నాకింకా పోలేదు.