లేదనుకుందాం

మొన్న డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి పిసికి, గొట్టంలోని పాదరసం కప్పు చీల్చుకుని ఆకాశానికి పోతుందేమోనన్నంత కంగారుగా చూసి, "ఏ చింతా లేదనుకోండమ్మా, ఈ బీపీ దానంతటదే దిగుతుంది" అన్నాడు. చింత లేని మనిషి ఏ ఊళ్ళో దొరుకుతాడో అడ్రసు అడుగుదామనుకున్నాను. కానీ ఆ "లేదనుకోండి" అన్న మాట చెవిన పడగానే తాండూరు చిన్నాయన గుర్తొచ్చి ఆ అడ్రసు సంగతే మరిచిపోయాను.

చిన్నాయన తాండూరులో సైన్సు పంతులు. పంతొమ్మిది వందల అరవైలు అప్పుడే మొదలైన రోజులు. ఊరంతా నాపరాయి. నేల నాపరాయి, గోడ నాపరాయి, అరుగు నాపరాయి. చిన్నాయన ఇంట్లో దిండ్లు తప్ప తక్కినవన్నీ నాపరాళ్ళే, ఆ దిండ్లనూ నేను పూర్తిగా నమ్మలేదు. నున్నటి బండ మీద గోలీ దొర్లిస్తూ "రాపిడి లేదనుకుందాం" అనేవాడు. దూలానికి రాయి వేలాడదీసి "దారానికి బరువు లేదనుకుందాం" అనేవాడు. ఇక గాలి ఆయన క్లాసులో ఎన్నేళ్ళుగానో లేదు. పిల్లలు ఎలా బతికి బట్టకట్టారో దేవుడికే తెలియాలి. స్టేషన్ దగ్గర హోటలు నడిపే చాచా చాయ్ అందిస్తూ, "సార్, జర శక్కర్ తక్కువైంది. ఉన్నదనుకుందామా?" అని ఏడిపించేవాడు. చిన్నాయన నవ్వి, "ఉన్నదాన్ని లేదనుకుంటం గని, లేనిదాన్ని ఉన్నదనుకోం చాచా. గది కవుల పని" అనేవాడు.

నేనొకసారి నిలదీశాను. "ఉన్నయన్ని లేవంటవు, గిదేం సైన్సు చిన్నాయనా?"

"అన్నీ ఒక్కపారి చూస్తె ఏదీ కనబడది బిడ్డా. అడ్డమొచ్చినయి తీసి పక్కకు పెట్టాలె. లెక్క తేలినంక ఒక్కొక్కటి మళ్ల తెచ్చి పెట్టాలె. తెచ్చి పెట్టుడు మర్చిపోయినోడు పంతులు గాదు, గారడోడు."

వంటింట్లోంచి చిన్నమ్మ అందుకుంది. "మీరు పక్కకు పెట్టిన తువ్వాల, గొడుగు, చెప్పులు దినాం తెచ్చి పెడుతున్నది నేనే గద. గట్లయితె నేనెంత పెద్ద పంతులమ్మనో!"

ఆ చిన్నమ్మకే దగ్గు పట్టుకుంది. ఎండలు ముదిరేసరికి రుమాలులో నెత్తురు కనిపించింది. వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఇంట్లో వంటకు నన్ను పిలిపించారు. సూదిమందులు, చల్లగాలి, మంచి తిండి, విశ్రాంతి అని చెబుతూ, "మనసు కష్టపెట్టకండి" అని కూడా అన్నాడు అక్కడి డాక్టరు. చిన్నాయన ఆ చివరి మాట పట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ఆస్పత్రికి పోతూ, చిన్నమ్మ అడిగితే ఏం చెప్పాలో రైల్లోనే నాకు పాఠం చెప్పేవాడు. బర్రె వట్టిపోలేదు, వెనక గోడ కూలలేదు, ఆయనకు జ్వరం రాలేదు. మేము ఆ గుట్ట మీదికి మోసుకెళ్ళిన సంసారం ఎంత సుఖంగా ఉండేదంటే, అందులోకి కాపురానికి పోవాలని నాకే ఆశ పుట్టేది.

దాంతోపాటు నువ్వుల పొడి డబ్బా ఒకటి మోసేవాళ్ళం. చిన్నమ్మ తల్లి, బషీరాబాద్ అవ్వ, బస్సులో పంపేది. రెండు కళ్ళకూ శుక్లాలు. నువ్వులు చెరిగేది గానీ రాళ్ళు ఏరలేకపోయేది. ఆ పొడి నములుతుంటే నోట్లో కంకర రోడ్డు వేస్తున్నంత చప్పుడు. చిన్నమ్మ పెట్టబోతే పక్క మంచాలవాళ్ళు దవడలు పట్టుకుని పారిపోయేవారు. ఆమె మాత్రం జొన్నరొట్టెకు అద్దుకుని, కళ్ళు మూసుకుని, కరకరలాడిస్తూ తినేది.

వానలు మొదలయ్యాక అవ్వ పోయింది. మట్టి చేసి వచ్చిన చిన్నాయన అరుగు మీద చతికిలబడ్డాడు. చిన్నమ్మ అప్పుడప్పుడే తేరుకుంటోంది. చెబితే మనిషి దక్కుతుందో లేదోనని భయం.

"చెప్పాలె చిన్నాయనా. ఆమెకు కన్నతల్లాయె" అన్నాను.

"మంచిగైనంక చెప్తం బిడ్డా. అందాక..." మాట పూర్తి చేయలేదు. చేయకపోయినా నాకు వినిపించింది.

పొడి నేను దంచాను. వజ్రాల వ్యాపారి కూడా అంత నిక్కచ్చిగా ఏరడు, అలా ఏరాను నువ్వుల్ని. ఆదివారం చిన్నమ్మ మూత తీసి, రొట్టెముక్క అద్దుకుని నమిలింది. ఆగింది. మళ్ళీ నెమ్మదిగా నమిలింది.

"అమ్మ మంచిగున్నదా?"

"మంచిగున్నది" అన్నాడు చిన్నాయన.

"మోకాలు నొప్పి?"

"తగ్గింది."

"మంచిదే" అని రొట్టె మొత్తం తినేసింది. ఆ తర్వాత ఎప్పుడూ తల్లి సంగతి ఎత్తలేదు. చిన్నాయన దాన్ని మనసుకు విశ్రాంతి అనుకున్నాడు.

చలి వెనకబడుతుండగా చిన్నమ్మకు నయమైంది. తాండూరు స్టేషన్‌లో దిగి, చాచా పరుగున తెచ్చిన చాయ్ తాగింది. చిన్నాయన టాంగా పిలవబోతుంటే ఆపింది. "ఇంటికి గాదు, బషీరాబాద్ పోదాం. అమ్మను ఏడ పెట్టిన్రో చూపియ్యున్రి."

చిన్నాయన ట్రంకుపెట్టె కింద పెట్టేశాడు. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"పొడి చెప్పింది. మా అమ్మ పొడిల రాయి తగలకుంట ఉంటదా? సచ్చిపోకుంట ఆమె చెయ్యి ఎట్ల మారుతది?" అని నా వైపు తిరిగి, "మస్తు మంచిగ ఏరినవు బిడ్డా" అంది. ఆ మెప్పు నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

"అడగకపోతివి?" అన్నాడు చిన్నాయన.

"అడిగితె మీరు కూలిపోతుండె. మీ మొకం జూసి ఊకున్న. లెక్క అయిపాయె గద. ఇగ పక్కకు పెట్టినయన్ని తెచ్చి పెట్టున్రి."

వెళ్ళాం. మట్టి గట్టిపడి, గడ్డి మొలిచి, ఎండి కూడా పోయింది. చిన్నమ్మకు ఏడుపు రాలేదు. ఏడ్చేవాళ్ళంతా ఎప్పుడో ఏడ్చి పొలాలకు పోయారు.

చిన్నాయనను చివరిదాకా తొలిచింది ఒక్కటే. ఆయన లెక్క తప్పలేదు, ఆమె బతికింది. కానీ ఏ చింతా లేదని ఆయన అనుకున్న మనిషి ఆ చింతను ఒంటరిగా మోస్తూనే కోలుకుంది. చెప్పినా కోలుకునేదా? పక్కన కూర్చుని ఏడ్చే మనిషి ఉంటే ఇంకా ముందే లేచేదా? ఆ ప్రయోగం మళ్ళీ చేసి చూడటానికి ఆమెకు ఇంకో తల్లి లేదు. ఆ తర్వాత క్లాసులో "గాలి లేదనుకుందాం" అని ఆగిపోయేవాడట. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారట.

గాలి, రాపిడి, దారం బరువు, చివరికి ఒక చావు. ఎన్నింటినో తీసి పక్కకు పెట్టాడు చిన్నాయన. కాలం లేదనుకుందాం అని మాత్రం ఏ లెక్కలోనూ అనలేదు. మనం తిరిగొచ్చి ఎత్తుకునేదాకా అది పక్కన ఆగేది కాదని ఆయనకు ముందే తెలుసేమో.