పత్మాసు యోహాను

ప్రవాస శిక్షపై వచ్చిన యోహాను బైబిల్లోని ప్రకటన గ్రంథం రాసిన గుహ అది. గ్రీసులోని పత్మాసు దీవిలో ఆ గుహను ఊడ్చేది మరౌలా. తలగుడ్డ బిగించి, దీపాల్లో నూనె పోసి, యాత్రికులు కార్చిన మైనం గోటితో గీకుతుంది. యేసు శిష్యుడైన ఆ యోహానును, పక్కింటాయన గురించి చెప్పినట్టు “మా అపొస్తలుడు” అంటుంది. థెస్సలొనీక నగరంలో క్రైస్తవ వేదాంతం చదివే మేనకోడలు దెస్పినా సెలవులకు వచ్చి, ఆ ఉదయం చాలాసేపు నసిగింది.

“అత్తా, కోప్పడకు. ఇక్కడ రాసింది అపొస్తలుడు కాకపోవచ్చట. అదే పేరున్న ఇంకో యోహాను కావచ్చట.”

చీపురు ఆగిపోయింది.

“అంటే, ఎవరో మామూలు మనిషా?”

“కావచ్చు.”

మరౌలా మొహం వెలిగిపోయింది. చీపురు పారేసి, ఆయాసపడుతూనే మెట్లెక్కి, రొట్టెల కొట్టు స్టామాటిస్‌ను కేకేసింది.

“ఒరేయ్, విన్నావా! అపొస్తలుడైతే లోకమంతా మావాడంటే మావాడంటుంది. ఈయన అచ్చంగా మనవాడేరా! దిక్కులేక వస్తే రొట్టె పెట్టింది మన ఊరే!”

“ఎవరు చెప్పారే నీకు?”

“నా మేనకోడలు! చదువుకున్న పిల్ల!”

“కావచ్చన్నాను అత్తా, కావచ్చు!” అని అరుస్తూ దెస్పినా వెనకే పరుగెత్తింది. అప్పటికే మరౌలా చేపల రేవు దారి పట్టింది.