హెచ్చరిక తప్పిన మర్నాడు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూలై మొదటి వారంలో, మా విశ్వవిద్యాలయం నాకొక పని అప్పగించింది. నా పరిశోధన వల్ల బయట ఏం మారిందో చూపిస్తూ ‘ప్రభావ నివేదిక’ తయారుచేయాలి. ప్రొఫెసర్ హోదాకు అది తప్పనిసరి. అప్పటికి నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ని. వాతావరణ మార్పు గురించి జనానికి ఎలా చెప్పాలి, పాలనలో అందుకు తగ్గ ఏర్పాట్లు ఎలా చేయాలి అన్నది నా విషయం. మా విభాగంలో ఆ పని చేసేది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం భోజనం దగ్గర దాని గురించి మాట్లాడదామంటే ఒక్కరూ దొరికేవారు కాదు.

నా వ్యాసాలను ఎవరెవరు ఉటంకించారో ఆ జాబితా సులభంగానే తయారైంది. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరినీ నేను చూసి ఎరగను. కష్టమల్లా క్షేత్రంలో సాక్ష్యం చూపడమే. కొన్నేళ్ల కిందట నెల్లూరు తీరంలో తుపాను హెచ్చరికల భాష మీద పనిచేశాను. ‘నైరుతి బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి’ అని మొదలయ్యే ప్రకటనలు చేపల వేటకు వెళ్లేవాళ్లకు అర్థం కావడం లేదని తేల్చి, రెండు సిఫార్సులు పంపాను. హెచ్చరిక మూడు చిన్న వాక్యాల్లో ఉండాలన్నది మొదటిది: గాలి ఎప్పుడు వస్తుంది, ఏం చేయాలి, ఎప్పటిదాకా. గడువు ముగిశాక ఏం జరిగిందో, చెప్పినట్టు జరగకపోతే ఎందుకు జరగలేదో అదే జనానికి వచ్చి చెప్పాలన్నది రెండోది. అధికారులు మొదటిది ఆమోదించారు. రెండోదానికి సిబ్బంది లేరన్నారు. నేను పట్టుబట్టలేదు. ఒకటైనా దక్కింది, చాలనుకున్నాను.

కావలి దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో, జువ్వలదిన్నె దగ్గరి ఒక పల్లెకు వెళ్లాను. చేపలు వేలం వేసే షెడ్డులో బోర్డు మీద నా మూడు వాక్యాలూ పెయింటుతో రాసి, తేదీ, గంట వేయడానికి ఖాళీలు వదిలారు. ఒక్క మాట కూడా మార్చలేదు. ఫొటో తీసుకున్నాను.

పక్కనే ఒకామె ఎండుచేపలు తిరగేస్తోంది. పోలమ్మ అని రాస్తున్నాను గానీ అది అసలు పేరు కాదు. బోర్డు మీది రాత అర్థమవుతుందా అని అడిగాను. అవుతుందంది. భర్త గురించి అడిగితే, నిరుడు ఏరు సముద్రంలో కలిసేచోట పడవ తిరగబడి పోయాడంది. హెచ్చరిక అందలేదా అన్నాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

“అందకేం మేడం. నేనే చదివి చెప్పినా. అంతకు ముందు రెండు తూర్లు పోవద్దంటే మానుకున్నాం. సముద్రం చాప పరిచినట్టు ఉండింది. గాలి ఎందుకు రాలేదో ఒక్కరూ వచ్చి చెప్పలా. మూడో తూరి, ఇదీ అంతేలే అని పొయ్యినాడు.”

ఆ వాక్యాలు రాసింది నేనేనని చెప్పకుండా వచ్చేయవచ్చు. చెప్పాలనే నియమమేదీ లేదు. చెప్పాను. ఆమె బోర్డు వైపు తిరిగింది.

“మాట బాగానే ఉండాది మేడం. చెప్పినోళ్లే మళ్లీ కనపళ్లా” అంది.

తిరుగు బస్సులో ఎవరికైనా ఫోన్ చేద్దామనుకున్నాను. ఎవరికి చేసినా ముందు నా విషయమేమిటో మొదటినుంచీ వివరించాలి. ఫోన్ సంచిలో పెట్టేశాను.

ఆమె మాటలు నివేదికలో యథాతథంగా రాశాను. రెండో సిఫార్సు దగ్గర నేను వెనక్కి తగ్గానని కూడా రాశాను. నివేదికలు పరిశీలించే కమిటీ కన్వీనర్ పిలిచి, మర్యాదగానే, ప్రభావమంటే మేలు జరగడమని, ఆ పేజీ తీసేసి ఫొటో ఉంచితే సరిపోతుందని చెప్పారు. తీయనన్నాను. హోదా రాలేదు.

విరమణ దాకా ఆ మూడేళ్లూ ప్రతి హెచ్చరిక గడువు ముగిసిన మర్నాడు సెలవు పెట్టి ఆ పల్లెకు వెళ్లేదాన్ని, గాలి ఎటు మళ్లిందో పటం చూపించి చెప్పడానికి. మొదటిసారి వినడానికి ఎవరూ రాలేదు. షెడ్డులో సాయంత్రం దాకా ఒక్కదాన్నే కూర్చుని వచ్చేశాను. రెండోసారి పోలమ్మ మరో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. ఈసారి అంచనా తప్పింది, ఎందుకు తప్పిందో మాకూ పూర్తిగా తెలియదు అని నేను ఒప్పుకున్న రోజున ఒక ముసలాయన, “పోన్లేమ్మా, వచ్చి చెప్పినావు గదా” అన్నాడు. ఆ తరువాతి హెచ్చరికకు పల్లె పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. అది నా వల్లేనని రుజువు చేయలేను. ఆసారి ముందురోజు నుంచే గాలి జోరుగా ఉంది.

హెచ్చరికను జనం నమ్ముతారా లేదా అన్నది అది తప్పిన మర్నాడు తేలుతుంది. చెప్పినవాళ్లు ఆ రోజు అదే మనుషుల ముందుకు రావాలి. సిఫార్సుల్లో సగమే ఆమోదిస్తామన్నప్పుడు, మిగతా సగం లేకుండా అది ఎవరికి ఏం హాని చేస్తుందో తేల్చుకున్నాకే ఒప్పుకోవాలి. నేను ముందు ఒప్పుకున్నాను. ఆ తరువాతే తెలుసుకున్నాను.